కోఠి రెసిడెన్సీ, దాని దర్బారు హాలు

పటాన్‌చెరులో బస్సెక్కి కోఠిలో దిగిన మనవాళ్లు పాత పుస్తకాల దుకాణాల వైపో, సుల్తాన్ బజార్ బట్టల వైపో నడుస్తారు. పక్కనే మహిళా విశ్వవిద్యాలయం ప్రహరీ లోపల రెండు సింహాల మధ్య వెడల్పాటి మెట్లు, వాటి పైన ఆరు ఎత్తైన స్తంభాలతో రెండు శతాబ్దాలు దాటిన భవనం ఒకటి ఉంది. చాలామంది దాన్ని చూడకుండానే తిరుగు బస్సెక్కుతారు. చూడాలి. ఎందుకంటే కట్టించుకున్నది ఇంగ్లీషు కంపెనీ వాళ్లే అయినా, ఖర్చు పెట్టింది నిజాం ఖజానా. అంటే మన రైతుల శిస్తు.

కథ 1798లో మొదలవుతుంది. ఆ ఏడాది రెండో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సంధి చేసుకుని, తన కొలువులోని ఫ్రెంచి పటాలాలను రద్దు చేశాడు. ఆ బేరం నడిపింది నిజాం కొలువులో కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్. పలుకుబడి పెరిగాక, దానికి తగ్గ ఇల్లు మూసీకి ఉత్తరాన కావాలన్నాడు. పెద్ద కాగితం మీద గీసిన ప్లాను చూసి నిజాం కుదరదన్నాడట. తన రాజ్యం పటమంత కాగితం చూసి ఆయన జంకాడని నిజాం కొలువులోని మీర్ ఆలం విప్పిచెప్పాక, అదే ప్లానును చిన్న కార్డు మీద గీసి చూపిస్తే ఒప్పుకున్నాడని చెబుతారు. నిజమో కాదో గాని, ఆనాటి బలాబలాలు ఆ కథలో బాగా పట్టుబడ్డాయి.

మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ దీనికి రూపం ఇచ్చాడు. 1803లో పని మొదలైంది. 1805 అక్టోబరులో కర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. ఎంతో మోజుపడి కట్టించిన ఇంట్లో ఆయన పట్టుమని కొన్నాళ్లు కూడా ఉండలేదు. భార్య ఖైరున్నీసా కోసం ఆవరణలో కట్టించిన రంగమహల్‌ను 1860లో పడగొట్టారు. ఒక హైదరాబాదీ స్త్రీ జ్ఞాపకాన్ని కావాలనే చెరిపేశారనే నా నమ్మకం.

ఇంటికి ప్రాణం దర్బారు హాలు. రెండంతస్తుల ఎత్తు, వరస స్తంభాలు, షాండిలియర్లు, నిలువుటద్దాలు, కాగితపు గుజ్జుతో చేసిన నగిషీల పైకప్పు. దర్బార్లతో పాటు విందులు, నాట్యాలు, కచేరీలు కూడా ఇలాంటి హాళ్లలోనే జరిగేవి. ఆ రోజుల్లో ఆట, పాట, కవిత్వం మూడింట్లోనూ హైదరాబాదులో పేరు మోసినది మహ్ లఖా బాయి చందా. 1799లో ఆమె తన ఉర్దూ గజళ్ల దీవాన్‌ను రెసిడెన్సీలో పనిచేసే జాన్ మాల్కమ్‌కు బహూకరించింది. అప్పటికి ఈ హాలు లేదు. ఆ ప్రతి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఈ భవనం తుపాకుల మోత కూడా విన్నది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం రెసిడెన్సీ మీదికి వెళ్లారు. మౌల్వీకి అండమాను శిక్ష పడింది. పట్టుబడిన తుర్రేబాజ్ ఖాన్ తప్పించుకుని, 1859లో తూప్రాన్ దగ్గర ప్రాణాలొదిలాడు. తూప్రాన్ అంటే సంగారెడ్డి కేంద్రంగా ఉన్న పాత మెదక్ జిల్లా. కోఠిలో మొదలైన ఆ పోరు మన నేల మీద ముగిసిందన్న సంగతి బడిపిల్లలకు చెప్పేవాళ్లే కరువు.

1947లో రెసిడెంట్ల కాలం ముగిసింది. 1924లో పుట్టిన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ ఆవరణకు వచ్చింది. ఈ ఇంటి చరిత్రలో అన్నిటికన్నా గొప్ప మలుపు నా లెక్కన అదే. సలాములు అందుకోవడానికి కట్టిన గదుల్లో ఆడపిల్లలు పాఠాలు చదివారు. కానీ భవనానికి ఆలన కరువైంది. కప్పు కారింది, సున్నపు పూత రాలింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తన ముప్పు జాబితాలో చేర్చాక దారి ఏర్పడింది. ఆ సంస్థ, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి ఏళ్ల తరబడి చేసిన మరమ్మతుల తర్వాత 2023 జనవరిలో భవనాన్ని తిరిగి ప్రారంభించారు. కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, ఇప్పుడు దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు ఉంది. దొరల భూమి పెత్తనాన్ని ఎదిరించిన మనిషి పేరు ఈ గేటుకు ఎంతో తగినది.

ఇక కావలసింది పాట. బాగుచేసిన కప్పుకు హాని కలగకుండా, పెద్ద స్పీకర్లు లేకుండా, కొద్దిమంది శ్రోతలతో విశ్వవిద్యాలయం ఏటా ఒక్క సాయంత్రమైనా ఆ హాలులో విద్యార్థినుల కచేరీ పెట్టాలి. మహ్ లఖా గజళ్లతో పాటు మన మెదక్ పల్లెల బతుకమ్మ పాటలూ అక్కడ వినిపించాలి. సంగారెడ్డి, పటాన్‌చెరు తల్లిదండ్రులకు ఒక మాట: ఈసారి కోఠి వెళ్లినప్పుడు పుస్తకాలు కొన్నాక ఆ గేటు దగ్గర ఆగండి. అనుమతి అడిగి మీ అమ్మాయిని లోపలికి తీసుకెళ్లి ఆ హాలు చూపించండి.