ఒక అక్షరం మారడానికి నూట అరవై ఏళ్ళు

మాంట్రియల్లో మా అమ్మాయి ఫ్రెంచి బళ్ళో చదువుతోంది. క్విబెక్‌లో 1977 నాటి చట్టం వల్ల, వలస వచ్చినవాళ్ళ పిల్లల్లో చాలామంది చదువు ఫ్రెంచిలోనే సాగుతుంది. తెలిసే వచ్చాం కాబట్టి ఎవరినీ అనేదేమీ లేదు. కాకపోతే నలభై దాటిన నేను దాని హోంవర్కు చూడాలంటే, దానికన్నా ముందు నేను చదువుకోవాలి. మొన్న చలికాలంలో ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "పర్లే" అనే క్రియని, అంటే మాట్లాడటాన్ని, "ఎంపార్ఫే" అనే కాలంలో ఆరు రూపాల్లో రాయాలట.

ఎంపార్ఫే అంటే పూర్తికానిది. "మాట్లాడాను" అంటే అయిపోయిన పని. "మాట్లాడేవాణ్ణి", "మాట్లాడుతూ ఉన్నాను, ఇంతలో..." అన్నప్పుడు పని జరిగింది గతంలోనే అయినా, దాని మొదలూ చివరా మనం చూపించడం లేదు. తెలుగులో వేరువేరుగా చెప్పే ఈ రెంటికీ ఫ్రెంచిలో ఒకటే కాలం.

సూత్రం ప్రోగ్రాములు రాసేవాళ్ళకి నచ్చేలా ఉంటుంది. వర్తమానంలో "మేము" రూపం తీసుకుని, చివరున్న ఓ-ఎన్-ఎస్ అక్షరాలు తీసేసి, ప్రత్యయాలు తగిలించడమే. జ పర్లె, తు పర్లె, ఇల్ పర్లె, ను పర్లియోఁ, వు పర్లియే, ఇల్ పర్లె. "ఉండు" అనే అర్థమున్న "ఎత్ర్" ఒక్కటే ఈ దారికి రాదు.

చిక్కల్లా స్పెల్లింగుతోనే. నేను, నువ్వు, అతను, వాళ్ళు - నాలుగు రూపాలూ చెవికి ఒకటే. కాగితం మీద మాత్రం మొదటి రెంటికీ ఏ-ఐ-ఎస్, మూడోదానికి ఏ-ఐ-టి, ఆఖరిదానికి ఏ-ఐ-ఇ-ఎన్-టి.

"పలకని అక్షరాలు రాయడమెందుకు నాన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు. వెతకడం మొదలుపెడితే రోమన్ల దాకా వెళ్ళాల్సి వచ్చింది.

లాటిన్‌లో "పాడేవాణ్ణి" అనడానికి "కంటాబమ్" అనేవారు. నువ్వైతే "కంటాబస్", అతనైతే "కంటాబట్", వాళ్ళైతే "కంటాబంట్". ఆ "బ" స్పానిష్‌లో ఇప్పటికీ ఉంది, ఇటాలియన్‌లో "వ" అయింది, ఫ్రెంచిలో పూర్తిగా అరిగిపోయింది. చివర్లోని ఎస్, టి, ఎన్-టి మాత్రం నోట్లోంచి పోయినా కాగితం మీద మిగిలాయి. మా అమ్మాయి విసుక్కుంటున్న అక్షరాలు అవే. "నేను" రూపం చివరి ఎస్‌కి లాటిన్‌లో ఆధారం లేదు. అది తర్వాత చేర్చుకున్నది. తెలుగులో "మాట్లాడేవాణ్ణి" అంటే ఎవరో తెలిసిపోతుంది. ఫ్రెంచిలో ముందు సర్వనామం లేకపోతే తెలియదు.

అసలు గొడవ మధ్యలో ఉన్న ఏ-ఐ గురించి. మధ్యయుగాల్లో ఆ చోట ఓ-ఐ రాసేవారు, "వె" అని పలికేవారు. అంటే "పర్ల్వె". పదహారో శతాబ్దానికి పారిస్‌లో "పర్లె" అనడం పెరిగింది. ఆన్రి ఎస్టియెన్ అనే పండితుడు 1578లో అచ్చువేసిన పుస్తకంలో, ఆస్థానంలోని వాళ్ళ ఇటాలియన్ మోజు మీద విరుచుకుపడుతూ ఈ పలుకుబడిని కూడా వాళ్ళ ఖాతాలోనే వేశాడు. జనం ఆయన మాట వినలేదు. నోరు మారిపోయింది, కలం మారలేదు.

1675లో రువాఁ నగరపు న్యాయవాది నికొలా బెరేఁ, పలికేది "ఎ" అయినప్పుడు ఏ-ఐ అనే రాద్దామన్నాడు. 1694లో ఫ్రెంచి అకాడమీ తన మొదటి నిఘంటువు తెచ్చింది, ఓ-ఐ అలాగే ఉంది. 1740 ముద్రణలో వేల మాటల స్పెల్లింగు మార్చిన అకాడమీ కూడా దీని జోలికి పోలేదు. వోల్టేర్ ఏ-ఐ కోసం గట్టిగా వాదించాడు, తన పుస్తకాల్లో అలాగే రాశాడు. అప్పట్లో ఫ్రాన్సువా అనే మనిషి పేరుకీ, ఫ్రెంచివాడు అనే మాటకీ స్పెల్లింగు ఒకటే! 1746లో వోల్టేర్ అకాడమీ సభ్యుడయ్యాడు. అయినా 1762 ముద్రణ మారలేదు. 1778లో ఆయన పోయాడు. విప్లవం వచ్చింది, రాజు తల తెగింది, 1798 ముద్రణ వచ్చింది, ఓ-ఐ మాత్రం చెక్కుచెదరలేదు. చివరికి 1835లో, ఆరో ముద్రణలో, అకాడమీ ఏ-ఐని ఒప్పుకుంది. బెరేఁ అడిగిన నూట అరవై ఏళ్ళకి!

ఆ పాత స్పెల్లింగు ఇంగ్లీషులో ఇంకా బతికే ఉంది. రుచి తెలిసినవాణ్ణి "కానొసర్" అంటారు కదా, అందులో ఉన్నది ఓ-ఐ. ఇంగ్లీషువాళ్ళు 1835కి ముందే ఆ మాట తీసుకున్నారు. ఫ్రెంచివాళ్ళు ఇప్పుడు దాన్ని ఏ-ఐతో రాస్తారు. పాత "వె" పలుకు కూడా పోలేదు. పారిస్‌లో "మువా" అనే మాటని క్విబెక్ పల్లెల్లో పెద్దవాళ్ళు "ముఏ" అనడం వినిపిస్తుంది. వలస వచ్చినవాళ్ళు తమతో తెచ్చుకున్న భాషని అలా దాచుకుంటారు కాబోలు.

ఇదంతా చదువుతుంటే నాకు గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. మనకీ "చెప్పెడివాడు" పుస్తకాల్లో, "చెప్పేవాడు" నోళ్ళలో ఉన్న రోజులుండేవి. నోటిమాట రాస్తే తప్పన్నారు. బళ్ళో పిల్లవాడు తన ఇంటి భాష రాయగలగాలని 1910ల నుంచీ ఆయన పోరాడారు, 1940లో పోయేదాకా ఆ పట్టు వదల్లేదు. అకాడమీలో కూర్చున్న వోల్టేర్‌కే సాగని పని అది. అందులో కొంత భాగం ఆయన కళ్ళముందే సాగింది.

మా నాన్నగారు పోయి రెండేళ్ళయింది. ఆదివారాలు ఫోన్లో మనవరాలికి కథలు చెప్పేవారు. అది మాత్రం "తాతయ్య కథలు చెప్పారు" అంటుంది, ఒకసారి చెప్పి ఊరుకున్నట్టు. ఫ్రెంచిలో ఎంపార్ఫే తప్పులేకుండా వాడే పిల్లకి తెలుగులో ఆ కాలం అందలేదు. తప్పు దానిది కాదు. మా ఇంట్లో అన్నీ "తిన్నావా, చేశావా, పడుకున్నావా" అనే మాటలే. గతం గురించి తీరిగ్గా మాట్లాడుకున్నది తక్కువ.

ఆ రాత్రి హోంవర్కు అయ్యాక, కాగితం కింద ఖాళీలో "చెప్పేవారు" అని రాయమన్నాను. ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాసింది.

"ఇందులో పలకని అక్షరాలు లేవా?" అంది.

"లేవు. తాతయ్య ఎలా అనేవారో అలాగే రాస్తాం."

మళ్ళీ ఒకసారి పైకి చదువుకుని, ఈసారి అడగకుండానే ముందు "తాతయ్య కథలు" అని చేర్చింది.