కొవ్వొత్తి అచ్చు: ఇంటి సామానులో ఒక చరిత్ర

పాఠశాల చరిత్ర అనగానే స్థాపన, భవనాలు, ప్రధానోపాధ్యాయుల వరుస, పరీక్షా ఫలితాలు మన మనస్సులో మెదలుతాయి. ఈ ప్లాటినం జూబిలీ సంచికలో వాటిని గురించి వ్రాయడానికి నాకంటె అర్హులైన పెద్దలున్నారు. అగ్రహారంలో చదువుకొన్న పాత విద్యార్థిగా నేను వ్రాయదలచినది ఏ రికార్డులకూ ఎక్కని ఒక చిన్న వస్తువును గురించి. అది ఇంటి సామానుతో మేము చేసుకొన్న కొవ్వొత్తి అచ్చు.

'కొవ్వొత్తి' అనే మాటలోనే దాని పూర్వచరిత్ర దాగి ఉన్నది. కొవ్వుతో చేసిన వత్తి గనుక అది కొవ్వొత్తి. నేడు అంగడిలో సాధారణంగా దొరికేది పెట్రోలియం నుండి తీసిన పారఫిన్ మైనంతో చేసినది. వస్తువు మారినా పేరు మారలేదు. 1954 నవంబరు 1న పాలన భారతదేశానికి అప్పగించేవరకు యానామును ఏలిన ఫ్రెంచివారి భాషలో దీనికి రెండు పేర్లున్నాయి. కొవ్వుతో చేసినది 'షాందెల్', మైనంతో చేసినది 'బూజీ'. రెండవది మైనం ఎగుమతి చేసిన అల్జీరియా రేవుపట్టణం పేరు. మొదటిదానికి మూలమైన లాటిన్ ధాతువూ, మన 'చంద్ర' శబ్దమూ ఒకే మూలం నుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు.

మన ఇండ్లలో దీపమంటే ప్రమిదె, నూనె, ప్రత్తి వత్తి. దానికి కుమ్మరి సారె చాలును, అచ్చుతో పని లేదు. అంతమాత్రాన మైనానికీ అచ్చుకూ గల సంబంధం మనవారికి తెలియదని కాదు. సంస్కృతంలో తేనెమైనాన్ని మధూచ్ఛిష్టం అంటారు. మైనపు బొమ్మకు మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోగా మిగిలిన ఖాళీలో కరిగిన లోహం పోసి విగ్రహాన్ని తయారుచేసే విధానాన్ని 12వ శతాబ్దంలో చాళుక్య ప్రభువైన సోమేశ్వరుడు 'మానసోల్లాసము'లో వివరించాడు. అక్కడ మైనం అచ్చును విడిచి వెళ్లిపోతుంది. కొవ్వొత్తి పనిలో మైనమే మిగులుతుంది, అచ్చును విడదీసి పక్కన పెడతారు.

యూరపులోనూ అచ్చు పని సులువుగా సాగలేదు. తేనెమైనం అచ్చుకు అంటుకొనిపోయేది. అందుచేత వ్రేలాడదీసిన వత్తిమీద కరిగిన మైనాన్ని మరల మరల పోసి లావు చేసేవారు. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ కొవ్వుల స్వరూపాన్ని పరిశోధించి 1823లో తన గ్రంథాన్ని ప్రకటించాడు. 1825లో గేలుసాక్‌తో కలిసి, కొవ్వు నుండి తీసిన గట్టి ఆమ్లంతో కొవ్వొత్తులు చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. అదే కాలంలో కాంబసెరె జడవలె అల్లిన వత్తిని ప్రవేశపెట్టాడు. అల్లిన వత్తి కాలేకొద్దీ మంటలోనికి వంగి తానే బూడిద అవుతుంది. దానితో మాటిమాటికి కత్తెరతో మసి కత్తిరించే బాధ తప్పింది. 1834లో ఇంగ్లండులో జోసెఫ్ మోర్గన్ అచ్చులలో వరుసగా కొవ్వొత్తులు పోసే యంత్రాన్ని నిర్మించాడు. తరువాత చౌకైన పారఫిన్ రావడంతో ఈ పని పూర్తిగా కర్మాగారాలకు తరలిపోయింది. మన కోరంగి రేవు ప్రాంతం నుండి కూలీలు వలసపోయిన బర్మా దేశం కూడా తన చమురు బావుల మైనాన్ని, కొవ్వొత్తులను విదేశాలకు ఎగుమతి చేసేది.

ఇట్లు యంత్రశాలకు పోయిన పని మరల పిల్లల చేతికి రావడానికి విద్యారంగంలోని ఒక ఆలోచన కారణం. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మౌలిక విద్య చేతిపనిని చదువుకు కేంద్రంగా నిలిపింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవాన్ని పాఠ్యక్రమంలో చేర్చవలెనన్నది. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘం 'సమాజోపయోగకరమైన ఉత్పాదక కార్యక్రమం' అనే పేరుతో దానిని మరల ముందుకు తెచ్చింది. సుద్దముక్కలు, కొవ్వొత్తులు తయారుచేయడం ఆ పీరియడుకు మారుపేర్లయ్యాయి.

రెండు చెక్కలుగా విడివడే అల్యూమినియం అచ్చు బజారులో దొరికేది గాని, మాకు దానిని కొనే స్తోమతు లేదు. మా మాస్టారు, "అచ్చు మీ పెరట్లోనే ఉన్నది, వెతికి తెండి" అన్నారు. మరునాడు ఒకడు వెదురు బొంగు, ఒకడు కొబ్బరి చిప్ప, ఒకడు ఖాళీ పాలడబ్బా తెచ్చాడు. ఒక అమ్మాయి బొప్పాయి ఆకు కాడ తెచ్చింది. అందరం నవ్వాము. మాస్టారు ఆ కాడను పైకెత్తి అందులోనుండి ఆకాశాన్ని చూపించారు. సహజంగానే గుల్ల, లోపల నునుపు, ఖర్చు లేనిది. పని కాగానే చీల్చి పారవేయవచ్చును గనుక మైనం అంటుకొంటుందన్న భయం లేదు.

పద్ధతి ఇది. మైనం గిన్నెను నేరుగా పొయ్యిమీద పెట్టక, నీళ్లు మరుగుతున్న మరొక పాత్రలో నిలపవలెను. పారఫిన్ సుమారు 50 నుండి 60 డిగ్రీలలో కరుగుతుంది కాబట్టి నీటి వేడి చాలును. వెదురు లోపల కొబ్బరినూనె పూయవలెను. కాడ అడుగున బంకమట్టి మెత్తి, నూలు వత్తిని మైనంలో ముంచి ఆరబెట్టి, పుల్లకు కట్టి నడిమికి వచ్చేటట్లు నిలపవలెను. మైనం చల్లారినప్పుడు కుంచించుకొంటుంది గనుక నడుమ గుంట పడుతుంది. అందుకే రెండవసారి పోయవలెను. ఒకసారి తొందరలో గిన్నెను నేరుగా మంటమీద పెట్టగా మైనం భగ్గుమన్నది. ఒకడు నీళ్ల చెంబు ఎత్తాడు. మాస్టారు వాని చేయి పట్టుకొని ఆపి, పళ్లెం మూతపెట్టి మంట ఆర్పారు. మండే మైనంమీద నీరు పడితే మంట నలువైపులా చిమ్ముతుందని ఆనాడు తెలిసింది.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తీరాన్ని దాటిన తుపాను మన ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది. కరెంటు స్తంభాలు కూలి, రోజుల తరబడి చీకటి. దుకాణాలలో కొవ్వొత్తులు లేవు, లాంతరుకు కిరసనాయిలు లేదు. ఇంట్లో మిగిలినవి డబ్బా అడుగున పోగుపడిన కొవ్వొత్తి తుదలు మాత్రమే. వాటిని కరిగించుదామంటే మా అమ్మ, "అచ్చేదిరా?" అన్నది. పెరట్లో గాలికి విరిగిపడిన బొప్పాయి చెట్లు. వాటి కాడలు కోసి ఆ సాయంత్రం ఏడు కొవ్వొత్తులు పోశాను. వంకరగా వచ్చాయి, ఒకటి నడుమ విరిగింది. రెండు మా ఇంట వెలిగించి, తక్కినవి ప్రక్క ఇండ్లకు ఇచ్చాము. పసిబిడ్డతో చీకటిలో కూర్చొన్న పొరుగింటి అక్క వాటిలో ఒకటి అందుకొన్నది. మార్కులు వేయని ఆ పీరియడు విలువ నాకు అప్పుడు తెలిసింది.

నేటి ఇండ్లలో ఇన్వర్టర్లు, ఛార్జింగు లైట్లు ఉన్నాయి. ఈ పని మరల బ్రతుకుతెరువు కావలెనని నేననను. అయితే తుపానులు ఆగలేదు. పాఠశాలలో బహుమతి కప్పులు దాచిన అద్దాల బీరువాలో ఒక ఎండిన బొప్పాయి కాడను, ఒక వెదురు బొంగును కూడ ఉంచవలెనని నా మనవి. వాటిని చూసిన పిల్లవాడు అవి ఎందుకని అడిగితే, ఉపాధ్యాయులు ఒక గిన్నె, కొంత మైనం, ఒక మూత తెప్పించి సమాధానం చెప్పుదురు గాక.