కాటన్ అంటే పత్తి కాదు

వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న మా దిండిలో కాటన్ దొర పేరు తెలియని ఇల్లుండదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఆయన చలవే. మా కాలువల్లో పారే నీళ్ళు అక్కణ్ణించి వచ్చేవే. అయితే ఆ పేరు వినగానే మన ఆడవాళ్ళకి ముందు గుర్తొచ్చేది గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చీర. మా అమ్మాయి చిన్నప్పుడు "దొరగారిది బట్టల కొట్టా అమ్మా?" అని కూడా అడిగింది.

కాదండీ. ఆయన పేరుకీ పత్తికీ ఏ సంబంధమూ లేదు. బట్టకి వాడే కాటన్ అనే మాట అరబ్బీలోని 'కుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరులోని కాటన్ అంతకంటే పాతది. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె, చిన్న ఇల్లు. కాటేజ్ అనే మాటకీ మూలం అదే. 'గుడిసెల దగ్గర' అని చెప్పే మాటే కాలక్రమంలో కాటన్ అయింది. ఇంగ్లండులో ఆ పేరుతో చాలా ఊళ్ళున్నాయి. అలాంటి ఊరి నుంచి వచ్చినవాళ్ళకి ఊరి పేరే ఇంటిపేరయింది.

ఇది మనకి కొత్త సంగతేం కాదు. మనలో కూడా ఎన్ని ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లు కావు! తాతముత్తాతలు ఏ ఊరు వదిలి వచ్చారో ఆ ఊరు పేరులో మిగిలిపోతుంది. తెలుగు నిఘంటువు రాసిన బ్రౌన్ దొర ఇంటిపేరు రంగును బట్టి వచ్చింది, మన నల్లా వారూ ఎర్రా వారూ లాగే. ఇంగ్లండులో 1066లో నార్మన్లు వచ్చిన తరవాత కొన్ని వందల ఏళ్ళలో ఈ పేర్లు తండ్రి నుంచి కొడుకుకి అందడం స్థిరపడింది.

మరి కూతురికో? కాటన్ గారి కూతురు ఎలిజబెత్ 1842లో పుట్టింది. 1877లో హోప్ అనే నౌకాదళ అధికారిని పెళ్ళాడి లేడీ హోప్ అయింది. హోప్ అంటే ఆశ అనుకుంటాం. కానీ ఆ ఇంటిపేరు కూడా నేలదే, పాత ఇంగ్లీషులో దానికి చిన్న లోయ అని అర్థం. గుడిసెల ఇంటి పిల్ల లోయ ఇంటి కోడలైందన్నమాట. తండ్రి పోయిన మరుసటేడు, 1900లో, ఆమె ఆయన జీవిత చరిత్ర అచ్చు వేయించింది. పుస్తకం పేరులో కాటన్ ఉంది, రాసినావిడ పేరులో మాత్రం లేదు.

మన దగ్గరా అంతే. మా వైపుకి కాలువ వైనతేయ గోదావరి పాయ మీదుగా గన్నవరం అక్విడక్టు దాటి వస్తుంది. కాటన్ కాలంలో కట్టినదాని పక్కన తరవాత కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా విసుక్కోకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. డొక్కా అత్తింటి పేరు. మండపేటలో పుట్టినప్పుడు ఆవిడ అనుపిండి వారి ఆడపడుచు. ఆ మాట ఎంతమందికి తెలుసు?

మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. "ఇంటిపేరు మార్చుకోవాలా అమ్మా?" అని మొన్న అడిగింది. మార్చుకుని తీరాలని మన దేశంలో చట్టమేమీ లేదు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు, పెళ్ళవగానే మారిపోయింది. పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు. మా నాన్నగారు పోయాక ఆయన దాచిన కాస్త డబ్బు కోసం వెళ్తే, ఆ ఇద్దరూ ఒకరేనని నోటరీ కాగితం తెమ్మన్నారు. నాన్నకి నేను కూతుర్నేనని నిరూపించుకోవడానికి మూడుసార్లు తిరిగాను.

అందుకే అమ్మాయితో, "నీ ఇష్టం. మార్చుకుంటే అన్ని కాగితాల్లోనూ ఒకేసారి మార్చుకో. మార్చుకోకపోతే పెళ్ళికి ముందే అబ్బాయితో చెప్పు" అన్నాను. అది పుట్టింటి పేరే ఉంచుకుంటానంది. అబ్బాయి సరేనన్నాడు. వాళ్ళ అమ్మగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, తన పుట్టింటి పేరు పలికి ముప్పై ఏళ్ళయిందన్నారు. ఆ పేరేమిటో అడిగి రాసుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టాను. అందులో మా అమ్మ, అమ్మమ్మ, అత్తగారు, నాయనమ్మల పుట్టింటి పేర్లూ, ఊళ్ళూ రాశాను. నాయనమ్మ తల్లి పుట్టింటి పేరు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు, ఆ గడి ఖాళీగానే ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇవాళే అడిగి రాసుకోండి.