కణము రాలుట

మరణమనగా బయటినుండి వచ్చి మీదపడు ఆపద యని లోకులు తలంతురు. పాము కరచుటయో, నిప్పు కాల్చుటయో, రోగక్రిమి సోకుటయో లేనిదే ప్రాణము పోదని వారి నమ్మకము. వైద్యశాస్త్రజ్ఞులును చిరకాలము దేహమందలి కణముల విషయమున ఇట్లే తలంచిరి. విషము తగిలినను, రక్తము అందకున్నను కణము చచ్చును. అంతకంటె విచారింపదగినది అందు లేదని వారి యభిప్రాయము. అది పొరపాటని తేలిన చరిత్రలో పురుషుల దేహమందలి ఒక చిన్న గ్రంథికి ముఖ్యస్థానము కలదు. ఒక తెలుగువాని కృషియు వేఱొక త్రోవను వచ్చి అందు కలిసినది.

ఆ గ్రంథి పేరు ప్రోస్టేటు. మూత్రాశయము క్రింద, మూత్రనాళమును చుట్టుకొని, ఉసిరికాయంత పరిమాణమున నుండును. మన వైద్యగ్రంథకర్తలు దీనికి పౌరుషగ్రంథి యని పేరిడిరి. నాకీ పేరు నచ్చదు. వీర్యమునకు కొంత ద్రవమును చేర్చుట దాని పని. పౌరుషమంతయు అందే దాగియున్నట్లు పేరు పెట్టుటచే, అది చెడినప్పుడు చెప్పుకొనుటకు వృద్ధులు సిగ్గుపడుచున్నారు. రాత్రి ఐదాఱు మారులు లేచి పెరటిలోనికి పోవు తాతగారు ఆ సంగతి కొడుకుతో చెప్పరు, కోడలితో చెప్పజాలరు, ముసలితనమని సరిపెట్టుకొందురు. వయస్సుతో ఈ గ్రంథి పెరుగుట మిక్కిలి సామాన్యము. పెరిగినదెల్ల కాన్సరు కాదు. కాని కాన్సరే యైనచో తొలుత ఏ బాధయు తోపకపోవచ్చును. అది ఎముకలకు ప్రాకి నడుమునొప్పి పుట్టిన పిమ్మట గాని వైద్యుని గడప తొక్కనివారు మన యూళ్లలో అరుదు కారు.

ఇంగ్లండులో జాన్ హంటరను శస్త్రవైద్యుడు, వృషణములు తీసివేసిన జంతువులలో ఈ గ్రంథి చిన్నదై వాడిపోవునని 1786లోనే వ్రాసెను. కోడెలకు విత్తులు కొట్టించు ఆచారము మన పల్లెలలోను తరతరములుగా నున్నదే; లోపలి గ్రంథి యేమయ్యెనో చూడవలెనన్న తలంపు మాత్రము మనకు పుట్టలేదు. హంటరు మాటయు చాలకాలము గ్రంథములలో నిలిచియుండెను. దానిని కాన్సరు చికిత్సకు అన్వయించినవాడు చికాగో విశ్వవిద్యాలయమున నుండిన చార్లెస్ హగ్గిన్సు. మానవునివలెనే కుక్కకును ముసలితనమున ఈ గ్రంథి పెరుగును. హగ్గిన్సు ముందు కుక్కలయందు పరీక్షించి, వృషణములనుండి పుట్టు హార్మోనే ఈ గ్రంథికి పోషకమని స్థిరపఱచుకొనెను. పిమ్మట 1941లో తన సహచరులతో కూడి, కాన్సరు ముదిరిన 21 మంది రోగుల వృషణములను తొలగించి ఫలితమును ప్రకటించెను. వారిలో ననేకులకు ఎముకలనొప్పి తగ్గెను. మంచము పట్టినవారిలో కొందఱు లేచి తిరుగజొచ్చిరి. కాన్సరు కణము ఎవరి మాటయు వినని స్వేచ్ఛాచారి యని నమ్మిన కాలమది. అట్టి కణమును దేహమందలి ఒక రసమునకు లోబడియుండునని ఇందుచే రుజువయ్యెను. హగ్గిన్సునకు నోబెల్ బహుమానము 1966లో గాని రాలేదు.

ఈ చికిత్సను ఒప్పుకొనుట ఏ పురుషునకును సులభము కాదు. తరువాత సూదిమందులు వచ్చి, కత్తితో పనిలేకయే ఆ హార్మోనును అణచుట సాధ్యమయ్యెను. కాని ఒక ప్రశ్న మిగిలినది. హార్మోను తీసినంతనే గ్రంథి కుంచించుకొనిపోవును గదా. అందలి లక్షలకొలది కణములు ఏమైనవి? చీము లేదు, వాపు లేదు, శవము లేదు.

ఆస్ట్రేలియా దేశీయుడగు జాన్ కెర్ 1960 తరువాతి యేండ్లలో లండనున నుండి, ఎలుకల కాలేయమునకు పోవు రక్తనాళపు శాఖను కట్టివేసి అందలి మార్పులను సూక్ష్మదర్శనితో చూచెను. కొన్ని కణములు గుంపుగా ఉబ్బి పగిలి చచ్చినవి. అది వైద్యులెఱిగిన చావే. కాని అక్కడక్కడ ఒంటిగా నున్న కణములు కొన్ని ముడుచుకొని, చిన్నచిన్న మూటలుగా విడిపోవగా, ప్రక్క కణములు ఆ మూటలను మ్రింగివేసినవి. ఇంటిలో వృద్ధుడు కన్నుమూసిన పిదప ఇరుగుపొరుగువారు సద్దుచేయక అన్నియు చక్కబెట్టినట్లు! కెర్ స్కాట్లండునందలి ఆబర్డీనునకు పోయి వైలీ, కరీ యనువారితో కలిసి 1972లో ఈ విధమైన మరణమునకు అపోప్టోసిస్ అని పేరిడెను. ఆ పేరు సూచించినవాడు అచ్చటి గ్రీకు భాషాపండితుడు జేమ్సు కార్మాకు. చెట్టునుండి ఆకులు, పూవునుండి రేకులు రాలుట యని దాని యర్థము. సంస్కృతము చదివినవారికి ఈ మాట పరాయిది కాదు. గ్రీకుల ‘అపో’ మన ‘అప’ యుపసర్గయే. తక్కిన భాగము ‘పత్’ ధాతువునకు తోబుట్టువు. అపపతనమన్న సరిపోవును.

ఈ యుపమానము ఎంత సరియైనదో మా జమ్మికుంట ప్రాంతపు రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. నీరు చాలకున్నను, ఎక్కువైనను పత్తిచెట్టు తన గూడను, పూతను తానే రాల్చుకొనును. ఇంకొక వింత చూడుడు. గాలికి విరిగి చచ్చిన వేపకొమ్మపై ఆకులు ఎండియు దానినే పట్టుకొని వ్రేలాడుచుండును. బ్రతికియున్న కొమ్మయే ఆకును విడువగలదు. తొడిమ మొదట ఒక పొర నేర్పఱచి, బంధమును సడలించి, చెట్టే ఆకును పంపివేయును. రాలుట ప్రాణమున్నదానికి గాని చేతగాదు.

మఱుసటి యేడే, 1973లో, కెర్ సెర్ల్ అను సహచరునితో కలిసి ఎలుకల ప్రోస్టేటును పరీక్షించెను. వృషణములు తీసిన పిమ్మట ఆ గ్రంథి కణములు అపోప్టోసిస్ చేతనే తొలగుచున్నవని తేలెను. హంటరు చూచిన వాడిపోవుటకును, హగ్గిన్సు సాధించిన యుపశమనమునకును అప్పటికి గాని కారణము దొరకలేదు. హార్మోను లేమి కణమును చంపుట లేదు. నీవిక పోవచ్చునని సెలవిచ్చుచున్నది.

మఱి ఆకు రాల్చుటకు చెట్టునకు బలము కావలసినట్లు, కణము రాలుటకును బలము వలదా? ఇచ్చట మన యెల్లాప్రగడ సుబ్బారావును తలంపవలెను. 1895లో భీమవరమున పుట్టి, మదరాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో బోస్టను చేరి, అచ్చట ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసి పొట్టపోసికొన్న యీతడు హార్వర్డునందు సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఆ కొలతయే వారిని 1929లో ఏటీపీ యను పదార్థము కడకు చేర్చెను. అదే యేట జర్మనీలో లోమానును దానిని కనుగొనెను. కణము చేయు ప్రతిపనికిని చెల్లు నాణెమది. కండరము కదలుటకు అది కావలెనని కొన్ని యేండ్లకే గ్రహించిరి గాని, చచ్చుటకును అదియే కావలెనని తెలియుటకు దాదాపు డెబ్బది యేండ్లు పట్టెను. 1997లో రెండు పరిశోధకబృందములు వేఱువేఱుగ చూపినదేమనగా, మరణప్రేరణ ఒకటే యైనను, ఏటీపీ చాలినంత యున్న కణము ముడుచుకొని మర్యాదగా రాలును. ఏటీపీ హరించిన కణము ఉబ్బి పగిలి చచ్చును. విరిగిన కొమ్మకును, బ్రతికిన కొమ్మకును గల భేదమే యిది.

హార్వర్డు సుబ్బారావునకు స్థిరమైన యుద్యోగము నీయలేదు. 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలకు వెడలిపోయెను. అచ్చట ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును, దానికి ప్రతికూలమగు అమినోప్టెరినును తయారుచేసెను. సిడ్నీ ఫార్బరు దానిని బోస్టనులో రక్తపు కాన్సరు సోకిన 16 మంది పిల్లలకిచ్చి, పదిమందికి తాత్కాలికముగ గుణము కనబడెనని 1948 జూనులో ప్రకటించెను. ఆగస్టులో సుబ్బారావు మృతినొందెను. అప్పటికాయనకు 53 ఏండ్లు. కణము తన జన్యుపదార్థమునకు నకలు తీయజాలక నిలిచిపోవునట్లు చేయుట ఆ మందు పని. అట్లు నిలిచిన కణములు పలుమారు అపోప్టోసిస్ త్రోవనే పోవునని తరువాతివారు తెలిసికొనిరి.

ప్రోస్టేటు కథ ఇంతతో సుఖాంతము కాలేదు. హార్మోను నణచినను కొంతకాలమునకు రోగము పెక్కుమందిలో తిరిగి వచ్చును. సెలవిచ్చినను పోని కణములు కొన్ని మిగులుటయే అందుకు కారణములలో నొకటి. బీసీఎల్-2 అను జన్యువు కణమును పెంచదు, చావనీయక పట్టుకొనును. ఈ సంగతి 1988లో మెల్‌బోర్నునందు బయల్పడెను. హార్మోనునకు లొంగని ప్రోస్టేటు కాన్సరులో ఈ జన్యువు పని అధికముగ నున్నదని 1992లో గుర్తించిరి. దానిని అడ్డగించు వెనెటోక్లాక్సు అను మందునకు 2016లో అమెరికా ప్రభుత్వము ఒక రక్తపు కాన్సరు విషయమున అనుమతినిచ్చెను. ప్రోస్టేటు విషయమున అట్టి యనుమతి దానికి రాలేదు. ఆ కణములను పట్టి యుంచు చేతులు బీసీఎల్-2 ఒక్కటియే కాదు. ఒకదానిని విడిపించిన మఱియొకటి పట్టుకొనుచున్నది.