పోరాటం ముగిశాక ఆమె ఏం పని చేసింది?

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని పూర్వ విద్యార్థుల సంఘం వారు అడగగానే, ఈ బడిలో సాంఘిక శాస్త్రం చెప్పిన రోజుల్లో నేను జవాబివ్వలేకపోయిన ఒక ప్రశ్న గుర్తుకొచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటం పాఠం ముగించాను. వెనుక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, పోరాటం అయిపోయినంక ఆ ఆడోళ్లు ఏం పని చేసుకొని బతికిండ్రు?" అని అడిగింది. "ఇండ్లకు పోయిండ్రమ్మా" అని దాటవేశాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

1946లో మొదలైన పోరాటాన్ని 1951 అక్టోబరు 21న విరమించారు. మన జిల్లాలో అనభేరి ప్రభాకరరావు, ఆయన సహచరులు 1948 మార్చి 14న మహ్మదాపూర్ గుట్టల్లో ప్రాణాలర్పించిన సంగతి మన ప్రాంతంలో పెద్దలందరూ చెప్పుకొనేదే. ఆ దళాలకు అన్నం మోసినవారు, ఉత్తరాలు చేరవేసినవారు, గాయపడ్డవారికి కట్లు కట్టినవారు ఆడవాళ్లు. కొందరు తుపాకీ కూడా పట్టారు. విరమణ తర్వాత వాళ్లలో చాలామందికి వినిపించిన మాట ఒక్కటే: ఇంటికి వెళ్లండి, సంసారాలు చూసుకోండి.

ఇది మన దగ్గర మాత్రమే జరిగింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో ఓడలు, విమానాలు తయారుచేసిన ఆడవాళ్లలో లక్షలాది మంది 1945 తర్వాత ఆ పనులు కోల్పోయారు. అవసరమున్నప్పుడు పిలిచి, తీరాక పంపించడం అక్కడా ఇక్కడా ఒకటే.

అందరి దారీ ఒకటి కాలేదు. ఆరుట్ల కమలాదేవి 1952లోనే ఆలేరు నుంచి శాసనసభకు వెళ్లారు. మల్లు స్వరాజ్యం తుంగతుర్తి నుంచి గెలిచింది 1978లో. విరమణకూ ఆ గెలుపుకూ మధ్య 27 ఏళ్లు! కృష్ణా జిల్లాకు చెందిన కొండపల్లి కోటేశ్వరమ్మ అజ్ఞాతవాసం నుంచి బయటికొచ్చాక భర్తకు దూరమయ్యారు. నడివయసులో హైదరాబాద్ ఆంధ్ర మహిళాసభలో చేరి మళ్లీ చదువుకున్నారు. కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో ఉద్యోగం చేసుకుంటూ సొంత కాళ్ల మీద నిలబడ్డారు. ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో వచ్చింది. ఉద్యోగం, జీతం, ఒంటరితనం ఎలా ఉంటాయో అందులో ఆమె మాటల్లోనే చదవవచ్చు.

పేరు రాని వేలమంది సంగతి వేరు. గడీలో వడ్లు దంచడం, పిండి విసరడం, దొర పొలంలో నాట్లేయడం పోరాటానికి ముందు వెట్టి. తర్వాత కూడా అవే నాట్లు, అదే కలుపు. కానీ ఇప్పుడు కూలి ఎంత అని అడగవచ్చు. చాకలి ఐలమ్మ కొట్లాడింది కూడా తన చెమటతో పండించిన పంట తన ఇంటికి చేరాలనే. ఆ 'కూలి ఎంత' అన్న చిన్న ప్రశ్న వెనుక ఎంత నెత్తురుందో మనం మరిచిపోతున్నాం.

మన నవలలు ఈ కథను ఎంతవరకు చెప్పాయి? వట్టికోట ఆళ్వారుస్వామి రెండో నవలకు ఒక స్త్రీ పేరే పెట్టారు, 'గంగు' అని. అది పూర్తికాకుండానే ఆయన కన్నుమూశారు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లో గడీలో ఆడబాప బతుకును చూపారు. అయితే గడీ తలుపులు తెరుచుకున్నాక ఆమె ఎక్కడికి పోయింది, ఏ పని చేసి కడుపు నింపుకుంది అన్నది ఇంకా రాయవలసిన కథ. దానికి ముడిసరుకు లేకపోలేదు. స్త్రీశక్తి సంఘటన వారు పోరాటంలో పాల్గొన్న మహిళల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటలను 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చువేశారు. పోరాటం విరమించి అప్పటికి 35 ఏళ్లు గడిచాయి. ఇంకొంత ఆలస్యమైతే ఆ గొంతులు దొరికేవి కావు.

జమ్మికుంట పిల్లలుగా మనకు ఈ విషయం దూరమైనది కాదు. మన పత్తి మార్కెట్‌కు వచ్చే ప్రతి బస్తా వెనుక పత్తి ఏరిన ఆడవాళ్ల చేతులున్నాయి. మన జిల్లాలో బీడీలు చుట్టి పిల్లల ఫీజులు కట్టిన తల్లులెందరో. ఈ సంచికలో ఫొటోలున్న ఇంజనీర్లు, డాక్టర్లు, టీచర్లలో చాలామంది ఆ కూలి డబ్బులతోనే చదువుకున్నారు.

అందుకే పూర్వ విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ ఉంటే ఈ పండుగకు కూర్చోబెట్టి అడగండి. మొదటి కూలి గింజలుగా ఇచ్చారా, పైసలుగానా? అది ఎవరి చేతికి పోయింది? పసిపిల్లను ఎవరికి అప్పగించి పనికి పోయేది? చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. రేపు నవల రాసేవారికీ, పాఠం చెప్పేవారికీ అది అక్కరకొస్తుంది.

ఆనాడు ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి ఈ సంచిక చదివితే, సార్ సగం జవాబైనా చెప్పాడని అనుకుంటే చాలు. మిగతా సగం మీరు చెప్పాలి.