మన యూరి చరిత్రము – మన సభల కర్తవ్యము

 

ఏటేట మహాసభలు జరుపుకొనుచున్నాము, కులప్రశస్తి వినుచున్నాము. మార్కండేయ మహర్షి కుమారుడగు భావనాఋషి తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసెనను కథ నెరుగని పద్మశాలి లేడు. అది మనకు పూజ్యము. కాని పురాణమును పురాణముగను, చరిత్రమును చరిత్రముగను చదువుట విద్వద్ధర్మము. మొదటిదానికి శ్రద్ధ చాలును. రెండవదానికి సాక్ష్యము వలయును. ఆ సాక్ష్యము మనకు దవ్వున లేదు. చీరాల ప్రాంతము నొక్కదానినే నిదర్శనముగ గైకొందము.

చీరాలకు చేరువనున్న మోటుపల్లి కాకతీయులనాటి రేవుపట్టణము. అచ్చట గణపతిదేవుడు 1244లో అభయశాసనము వేయించెను. అంతకు మున్ను, గాలివానకు గొట్టుకొనివచ్చి తీరము జేరిన యోడల సరకును రాజులు బలిమితో గైకొనుచుండిరి. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, నిర్ణీతమగు సుంకము మాత్రమే గొందునని వర్తకులకు మాట యిచ్చెను. ఆ సుంకముల పట్టికలో కర్పూరము, దంతము, మిరియములతోపాటు పట్టునూలును గలదు. ఆ శతాబ్దాంతమున మార్కోపోలో ఈ రాజ్యమునందలి సన్నని వస్త్రములను సాలెగూటితో బోల్చి కొనియాడెను. వస్త్రమును బొగడెను గాని నేసినవాని పేరు చెప్పలేదు. ఆ పేరులేని వారి చరిత్రమును గూర్చుటయే మన పని.

మరి యిటీవలి కాలమునకు వత్తము. 1919లో మదరాసు ప్రభుత్వము చీరాల పేరాలలను గలిపి పురపాలక సంఘముగ జేయగా పన్నుల భారము హెచ్చెను. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, నెలల తరబడి ఎండవానల కోర్చిరి. అది యొక్క కులము చేసిన పని కాదు, ఊరెల్ల చేసినది. అందు మన తాతల పాలెంతయో చెప్పదలచినచో ఇరుగుపొరుగువారి పాలును చెప్పవలయును. ఊరి చరిత్రమునుండి విడదీసిన కులచరిత్రము పడుగు లేని పేక వంటిది.

ఇట్టి విచారణకు తావు ఆ ప్రాంతముననే కలదు. వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనము ప్రాతపత్రికల సంపుటములకు పేరొందినది. 1929లో దాని భవనమునకు గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను.

కావున మా మనవి యిది. ప్రతి శాఖాసంఘమును నెల కొక చరిత్రోపన్యాసమును, ఒక గ్రంథచర్చను జరుపవలయును. సురవరము ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) రాజుల యుద్ధములకంటె ప్రజల బ్రతుకునకే పెద్దపీట వేసినది గాన దానితో నారంభింపవచ్చును. సభ్యులు ముందుగ చదివి రావలయును. వక్త యెంతటివాడైనను “ఇది యెట్లు తెలిసెను?” అని యడుగుటకు పిల్లవానికిని స్వేచ్ఛ యుండవలయును. విన్న పాఠమును మరచిన శిష్యులను మే మెందరినో చూచితిమి. తాము ప్రశ్నించి తెలిసికొన్నదానిని మరచినవారు అరుదు.

ఇండ్లలోని ప్రాత లెక్కపుస్తకములు, ఉత్తరములు, సహకారసంఘ పత్రములు చెదలపాలు గాకమునుపే నకళ్లు తీయింపుడు. మగ్గమెక్కిన తాతలను, ఆసుపోసి కండెలు చుట్టిన యవ్వలను అడిగి, తేదీతో వ్రాసి యుంచుడు. పోషకులు సన్మానములకు చేయు వ్యయములో కొంత దీనికి వినియోగించిన చాలును. కాగితమునకు నకలు తీయవచ్చును. గతించిన యవ్వను మరల నడుగలేము. వచ్చు మహాసభ నాటికి ఒక్కొక్క శాఖ ఒక్కొక్క యూరి చరిత్రమును వ్రాసి తెచ్చుగాక!