క్షేత్రయ్య పదాల అర్థవివరణ

క్షేత్రయ్య పదాల అర్థవివరణ అనగా 17వ శతాబ్దపు వాగ్గేయకారుడు క్షేత్రయ్య రచించిన శృంగార పదాల సాహిత్యానికి నర్తకులు, గాయకులు, పండితులు చెప్పుకొంటూ వచ్చిన భావవివరణ. ఈ పదాలలో ఎక్కువ భాగం ఒక స్త్రీ మాటలుగా సాగుతాయి. ఆమె మువ్వగోపాలునితో గాని, అతనిని గురించి చెలికత్తెతో గాని మాట్లాడుతూ ఉంటుంది. ఆ స్త్రీ భగవంతుని కోరే జీవాత్మకు ప్రతీకయా, లేక తన ఇంటికి వచ్చే విటునితో మాట్లాడే వారకాంతయా అన్నది ఈ చర్చలో ప్రధానమైన ప్రశ్న. ఇది కేవలం సాహిత్య చర్చగా మిగిలిపోలేదు. 20వ శతాబ్దంలో ఏ పదాలు వేదికపై నిలవాలి, వాటిని ఎవరు అభినయించాలి అన్న విషయాలను కూడా ఇది ప్రభావితం చేసింది.

కవి, పదాలు

క్షేత్రయ్య కృష్ణా జిల్లాలోని మొవ్వ గ్రామానికి చెందినవాడని, అసలు పేరు వరదయ్య అని జనశ్రుతి. మొవ్వలోని వేణుగోపాలస్వామి పేరు మీదుగా "మువ్వగోపాల" అన్నది ఇతని ముద్ర అయింది. కూచిపూడి గ్రామం కూడా ఈ మొవ్వ మండలంలోనిదే. మధుర తిరుమల నాయకుడు, తంజావూరు విజయరాఘవ నాయకుడు, గోలకొండ పాదుషా తనను ఆదరించినట్లు ఇతడు ఒక పదంలో చెప్పుకొన్నాడు. నాలుగు వేలకు పైగా పదాలు రచించినట్లు ప్రసిద్ధి ఉన్నా, ఇప్పుడు లభిస్తున్నవి సుమారు 330 మాత్రమే.

పదానికి పల్లవి, అనుపల్లవి, చరణాలు ఉంటాయి. వీటిని చౌక కాలంలో, నెమ్మదిగా పాడతారు. అనుపల్లవితో మొదలుపెట్టి తరువాత పల్లవికి రావడం పదగానంలో తరచుగా కనిపించే పద్ధతి. కచేరీలలో అన్ని చరణాలూ పాడకపోవడం వలన కథాసందర్భం శ్రోతకు పూర్తిగా అందదు. పల్లవిలో ప్రేమగా వినిపించిన మాట చరణాల వెలుగులో ఎత్తిపొడుపుగా మారవచ్చును. కాబట్టి అర్థనిర్ణయానికి పదాన్ని మొత్తంగా చదవడం అవసరం.

అలంకారశాస్త్ర వివరణ

సంప్రదాయ పండితులు ముందుగా నాయికను గుర్తించి పదానికి అర్థం చెబుతారు. స్వీయ, పరకీయ, సామాన్య అన్నది ఒక విభజన. వీరిలో సామాన్య అనగా వేశ్య. అవస్థను బట్టి స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక అని ఎనమండుగురు నాయికలు. ఉదాహరణకు, రాత్రంతా వేరొకతె ఇంట గడిపి తెల్లవారి వచ్చిన నాయకుని నిలదీసే స్త్రీ ఖండిత. అతనిని తిట్టి పంపివేసి, ఆపైన పశ్చాత్తాపపడే స్త్రీ కలహాంతరిత. ఒకే మాట ఖండిత నోట కోపంగాను, కలహాంతరిత నోట దుఃఖంగాను ధ్వనిస్తుంది.

ఈ పద్ధతిలో పదంలోని "నేను" కవి కాదు; కవి సృష్టించిన పాత్ర. పురుషుడైన క్షేత్రయ్య స్త్రీ గొంతుతో పలికాడన్న విషయం గుర్తుంచుకొంటే పదాలను కవి జీవితచరిత్రగా చదివే పొరపాటు తప్పుతుంది.

జీవాత్మ - పరమాత్మ వివరణ

నాయిక జీవాత్మ, నాయకుడు పరమాత్మ, చెలికత్తె గురువు అన్నది భక్తిపరమైన వివరణ. జయదేవుని గీతగోవిందానికి కూడా ఇటువంటి వ్యాఖ్యానమే ప్రసిద్ధం. విరహపదాలకు ఈ అర్థం సులువుగా కుదురుతుంది. అన్ని పదాలకూ ఇది కుదరదు. కొన్నింటిలో నాయిక రావలసిన సొమ్మును గురించి మాట్లాడుతుంది. ఒక పదంలో వివాహిత అయిన స్త్రీ మువ్వగోపాలుని వలన గర్భవతియై, దానిని పోగొట్టే మందు తెచ్చిపెట్టమని అతనినే అడుగుతుంది. ఇటువంటి పదానికి ఆధ్యాత్మికార్థం చెబితే ఆ స్త్రీ భయం, ఒంటరితనం మరుగున పడిపోతాయి.

సంస్కరణోద్యమం, దాని ప్రభావం

19వ శతాబ్ది చివరి దశకంలో మద్రాసు రాష్ట్రంలో భోగంమేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం సాగింది. తెలుగునాట కందుకూరి వీరేశలింగం దీనికి ప్రముఖుడు. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రచురించగా, ప్రభుత్వం ఆ గ్రంథాన్ని నిషేధించింది. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది.

ఈ వాతావరణంలో పదాలను నిలబెట్టదలచినవారికి భక్తిపరమైన వివరణ ఒక రక్షణ అయింది. 1936లో కళాక్షేత్రాన్ని స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ నృత్యంలో భక్తికి ప్రాధాన్యమిచ్చి, శృంగారాన్ని తగ్గించింది. వీణ ధనమ్మాళ్ మనుమరాలైన టి. బాలసరస్వతి దీనిని అంగీకరించలేదు. శృంగారమే అభినయానికి ప్రాణమని, అందులోనే భక్తి ఉన్నదని, దానిని శుద్ధి చేయవలసిన పని లేదని ఆమె అభిప్రాయం.

కళావంతుల అభినయం

కోస్తా ఆంధ్రలో ఈ పదాలను తరతరాలుగా పాడి, అభినయించి కాపాడినవారు కళావంతుల స్త్రీలు. వీరు కూర్చుండి తామే పాడుతూ, ఒకే పాదాన్ని మరల మరల పలుకుతూ, ప్రతిసారీ చేతులతోను, కళ్ళతోను వేరొక భావాన్ని చూపేవారు. కనుక వీరి దృష్టిలో ఒక పాదానికి ఒకే అర్థం ఉండదు. కోపం, వేళాకోళం, జాలి, కోరిక అదే మాటలలో వరుసగా కనబడతాయి. చట్టాలు, సామాజిక నింద వలన ఈ ప్రదర్శనలు ఆగిపోయాయి. పదాలు ఇతరుల వేదికలకు చేరగా, వాటి అర్థాన్ని ఎరిగిన స్త్రీలు అనేకులు తమ విద్యను ఇంటి నాలుగు గోడల మధ్యనే దాచుకోవలసి వచ్చింది. గోదావరి ప్రాంతంలోని ఈ స్త్రీల జ్ఞాపకాలను దవేశ్ సోనేజీ 2012లో ప్రచురించిన గ్రంథంలో నమోదు చేశాడు.

ఆధునిక పరిశోధన

ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ కలసి ఎంపిక చేసిన పదాలను ఆంగ్లంలోకి అనువదించి 1994లో ప్రచురించారు. నాయక రాజుల కాలంలో దేవుడు, రాజు, విటుడు అన్న భేదాలు చెరిగిపోయాయని, దేవుడే విటుడుగా రావడం ఈ పదాల ప్రత్యేకత అని వీరు ప్రతిపాదించారు. ఈ వాదం ప్రకారం భక్తి, వ్యాపారం అన్న రెండింటిలో ఒకదానిని ఎంచుకోవలసిన అవసరం లేదు. "సామి" అన్న పిలుపులో దేవుడు, ప్రభువు, ప్రియుడు ముగ్గురూ ఉన్నారు.

ఇతర పాటలతో పోలిక

అర్థం విషయంలో ఇటువంటి చిక్కులు నేటి జనప్రియ గీతాలలోనూ కనిపిస్తాయి. అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1984లో విడుదల చేసిన "బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ." పాట పల్లవిని విన్నవారు అనేకులు దానిని దేశభక్తి గీతంగా భావించారు. చరణాలలో ఉన్నది వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చి పని దొరకని సైనికుని కథ. 1983లో వెలువడిన పోలీస్ బృందపు "ఎవ్రీ బ్రెత్ యూ టేక్" పాటను ప్రేమగీతంగా వింటారు. అందులో మాట్లాడేవాడు ప్రియురాలి ప్రతి కదలికపై నిఘా వేసేవాడని రచయిత స్టింగ్ వివరించాడు. పల్లవితో ఆగిపోకుండా చరణాలు వినడం, మాట్లాడే పాత్రను గుర్తించడం అన్న రెండు సూత్రాలు క్షేత్రయ్య పదాలకు, రాక్ పాటలకు సమానంగా వర్తిస్తాయి.

ఇవి కూడా చూడండి

క్షేత్రయ్య
మొవ్వ
కూచిపూడి
జావళి
రాధికా సాంత్వనము